ఏఐలో ఈసీఈ అమ్మాయికి పని ఉంటుందా?

"మా అమ్మాయి ఈసీఈ థర్డ్ ఇయర్. బోర్డులు, సర్క్యూట్లంటే ప్రాణం. ఏఐ అంతా సీఎస్‌ఈ వాళ్లదే, ఇప్పుడైనా కోడింగ్ కోర్సులో చేర్చమని చుట్టాలు ఒకటే పోరు. ఏం చేయమంటారు?" అని గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు.

సార్, టెన్షన్ పడకండి, మీ అమ్మాయి ఇష్టపడుతున్న పనికే ఇప్పుడు గిరాకీ ఉంది. లామా 3 అనే తమ ఏఐ మోడల్‌ని 16,384 జీపీయూల (ఏఐ లెక్కలు చేసే చిప్పుల) మీద ట్రైన్ చేసినప్పుడు 54 రోజుల్లో అనుకోకుండా 419 సార్లు పని ఆగిపోయిందని 2024లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్లే రాశారు. సగటున మూడు గంటలకోసారి! అందులో ముప్పావు వంతుకు పైగా హార్డ్‌వేర్ వల్ల, లేదా దాని మీద అనుమానంతో. జీపీయూలన్నీ కలిసి ఒకే లెక్క చేస్తుంటాయి కాబట్టి ఒక్కటి పోయినా మొత్తం ఆగుతుంది, ఆఖరిసారి సేవ్ చేసిన చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అయినా 90 శాతానికి పైగా సమయం పనికొచ్చిందంటే, పాడైనదాన్ని వెంటనే పట్టుకుని పక్కన పెట్టే ఏర్పాటు ముందే చేసుకున్నారు కాబట్టే.

దీనికన్నా కష్టం, చడీచప్పుడు లేకుండా తప్పు లెక్క ఇచ్చే చిప్పులు. ఎర్రర్ రాదు, లాగ్‌లో (కంప్యూటర్ రాసుకునే రికార్డులో) ఏమీ ఉండదు, జవాబు మాత్రం తప్పు. 2021లో గూగుల్, ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) ఇంజనీర్లు దీని మీద విడివిడిగా పేపర్లు రాశారు, అమ్మాయిని తప్పకుండా చదవమనండి.

పని ఎలా ఉంటుందంటే, లైనక్స్ (సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్) లాగ్‌లో, జీపీయూని నడిపే ఎన్‌విడియా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ 'ఎక్స్‌ఐడీ 79' అనే ఎర్రర్ నంబర్ రాసిందనుకోండి, ఆ జీపీయూ కార్డు పీసీఐఈ బస్ (కార్డుని కంప్యూటర్‌కి కలిపే దారి) మీద కనిపించడం లేదని అర్థం. కార్డే పోయిందా, పవర్ సరిగా అందలేదా, వేడెక్కిందా, స్లాట్‌లో సరిగా కూర్చోలేదా, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ అసలు కారణం తేల్చాలి. ఆ ఓపిక ఉందా అని మీ అమ్మాయినే అడగండి, నా దృష్టిలో మార్కుల కన్నా అదే ముఖ్యం.

కోడింగ్ అక్కర్లేదని అనను. పైథాన్, కొంచెం సీ, లైనక్స్ బాగా రావాలి, ప్రాబబిలిటీ కూడా. ఉద్యోగాలు హార్డ్‌వేర్ వాలిడేషన్ (చిప్పులు, బోర్డులు పరీక్షించడం), సైట్ రిలయబిలిటీ (సర్వీసులు ఆగకుండా చూడటం), డేటా సెంటర్ ఆపరేషన్స్ పేర్లతో వస్తాయి. హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్, అమెజాన్ డేటా సెంటర్లున్నాయి, విశాఖలో పెడతామని గూగుల్ 2025లో ప్రకటించింది. కానీ బిల్డింగ్ లేచినంత మాత్రాన వేల ఉద్యోగాలు రావు, ఆపరేషన్స్‌లో నైట్ షిఫ్టులు ఉంటాయి, ఇవి ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

కోర్సు ఫీజు కట్టేముందు ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనివ్వండి. లైనక్స్ వేసి, ఫుల్ లోడ్ పెట్టి, వేడి ఎంత పెరిగితే వేగం ఎంత తగ్గుతోందో ఈ సెలవుల్లో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఆ నోట్‌బుక్ చాలు.