క్రూజ్‌లో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లు మనకు గిట్టుబాటేనా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి షష్టిపూర్తికి అమ్మానాన్నలు, మీ దంపతులు, పదేళ్ల పాప కలిసి సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నారు. టికెట్ అయిపోయింది. ఇప్పుడు ఏజెంటు ఫోన్ చేసి, స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ (విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లలో కొన్ని పూటలకు కలిపి ముందే కట్టేది) కూడా కట్టేయండి, షిప్పెక్కాక రేటు పెరుగుతుంది అంటున్నాడు. నాన్నగారు నాన్‌వెజ్ తింటారు గానీ బీఫ్ ముట్టరు, అమ్మగారు గుడ్డు కూడా తినరు. కట్టాలా వద్దా?

ప్యాకేజీ వద్దు. షష్టిపూర్తి రోజున సరదాగా ఒక పూట అంటారా, అది విడిగా బుక్ చేసుకోండి, అదీ అందరికీ కాదు. ఎందుకో చెబుతాను. మాది శ్రీకాకుళం. మేము కూడా మీలాగే పెద్దవాళ్లను వెంటేసుకుని, విశాఖలో స్కూట్ విమానం పట్టుకుని సింగపూర్ వెళ్లి షిప్పెక్కినవాళ్లమే. పైగా మా బావమరిది ఒక క్రూజ్ షిప్పు వంటశాలలో పని చేస్తాడు. సోంపేట, కవిటి వైపు ఇంటికో కుర్రాడు షిప్పుల్లో ఉండటం మీకు తెలియనిది కాదు. అందువల్ల తినేవాళ్ల వైపు నుంచీ, వండేవాళ్ల వైపు నుంచీ కొంత తెలుసు.

ఏజెంటు మాటలో ఒక ముక్క నిజమే. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీల్లో ముందుగా ఆన్‌లైన్‌లో కడితే షిప్పులో కట్టేదానికంటే సాధారణంగా తక్కువ పడుతుంది. కానీ ఆ లాభం అక్కడ దొరికేవన్నీ తినేవాళ్లకు.

ముందు డబ్బు సంగతి. మామూలు పెద్ద షిప్పుల్లో మెయిన్ డైనింగ్ రూమ్ (వెయిటర్లు వడ్డించే పెద్ద భోజనశాల), బఫే, ఒకటి రెండు చిన్న కేఫ్‌లు టికెట్ ధరలోనే వస్తాయి. స్టేక్‌హౌస్ (పెద్ద మాంసపు ముక్కలు కాల్చి ఇచ్చేది), ఇటాలియన్, జపనీస్ రెస్టారెంట్లకు మాత్రం విడిగా కట్టాలి. ఒక పూటకు 50 డాలర్లు అని రాసి ఉందనుకోండి, దాని మీద 18 శాతం సర్వీస్ చార్జి దానంతటదే పడిపోతుంది, కొన్ని కంపెనీల్లో 20 శాతం. అంటే 59 డాలర్లు. మన బ్యాంకు కార్డుల మీద డాలర్లలో కట్టినందుకు వేసే అదనపు చార్జి (ఫారిన్ కరెన్సీ మార్కప్) మూడు, మూడున్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి 61 అయింది. రూపాయల్లో మనిషికి అయిదు వేల పైమాటే. వైన్, కూల్‌డ్రింకులు ఇందులో ఉండవు. పిల్లలకు చాలా షిప్పుల్లో రేటు బాగా తక్కువ, మరీ చిన్నపిల్లలకు కొన్నిచోట్ల ఉచితం. కాబట్టి పాప గురించి బెంగ లేదు, పెద్దవాళ్లు నలుగురి దగ్గరే లెక్క తేలాలి.

ఇక అంత డబ్బుకి వాళ్లు కొత్తగా ఇచ్చేదేమిటి? మా బావమరిదిని అడిగితే చాలా సూటిగా చెప్పాడు. మెయిన్ డైనింగ్ రూమ్‌లో ఒకే గంటలో వేలల్లో ప్లేట్లు బయటికి వెళ్లాలి. అందుకని చాలా ఐటమ్స్ ముందే వండి, కొలత ప్రకారం పెట్టి, వేడి తగ్గకుండా ఉంచి పంపుతారు. డబ్బు కట్టే రెస్టారెంటుకు చిన్న వంటగది విడిగా ఉంటుంది, మనం ఆర్డరిచ్చాకే పెనం మీద వేస్తారు. కాబట్టి ఆగితే పాడయ్యే వంటలకు తేడా గట్టిగా కనిపిస్తుంది: మాంసపు స్టేక్, పల్చటి చేప ముక్క, పొంగి వెంటనే కూలిపోయే సూఫ్లే. ఆగినా ఏమీ కాని వంటలకు తేడా దాదాపు ఉండదు: పప్పు, కూర, సూప్, మెత్తగా ఉడికిన మటన్, సాస్‌లో కలిపిన పాస్తా.

మన తిండి చాలావరకు ఆ రెండో రకం. పులుసు అనేది మర్నాటికే బాగుంటుందని వాదించే జిల్లాలు మనవి. స్టేక్ తినని ఇల్లు స్టేక్ కోసం పెట్టిన ప్రత్యేక వంటగదికి డబ్బు కట్టడం దేనికి?

స్టేక్‌హౌస్ మెనూ ఎప్పుడైనా చూశారా? ఫిలే, రిబ్ ఐ, న్యూయార్క్ స్ట్రిప్ అని సగం పేజీ ఉంటుంది, అన్నీ బీఫే. ధర నిలబడేది వాటి మీదే. అవి తీసేస్తే గొర్రె చాప్స్, ఒక కోడి వంటకం, ఒకటి రెండు చేపలు మిగులుతాయి. చికెన్ తిన్నా కట్టేది అంతే. మేము మా నాన్న కోరిక మీద ఒక రాత్రి వెళ్లాం. ఆయన పట్టుపంచె కట్టుకునే వచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. షార్ట్స్, హవాయి చెప్పులతో వస్తే మాత్రం రాత్రిపూట ఆపేస్తారు. గొర్రె చాప్స్ తెప్పించుకున్నారు. ఎముక చివర పట్టుకుని తినొచ్చా అని నన్ను చెవిలో అడిగారు. వెయిటర్ అది కనిపెట్టి, తనే చేత్తో పట్టుకుని తినే సైగ చేసి చూపించాడు. ఆయనకు ఆ పూట బ్రహ్మాండంగా నచ్చింది, అందులో అనుమానం లేదు.

మా అమ్మ ప్లేట్‌లోకి మెదిపిన బంగాళదుంప, వేయించిన పుట్టగొడుగులు, నాలుగు ఆస్పరాగస్ కాడలు వచ్చాయి. ఒక కాడని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది మునక్కాడలా నమిలి ఊసేయాలా, మింగేయాలా’ అని అడిగింది. ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని తినేసింది గానీ, గదికి వెళ్లాక బ్యాగులోంచి జంతికలు తీసింది.

మర్నాడు మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్, మంగుళూరు వైపు ఆయన, మా టేబుల్ దగ్గర ఆగి ‘అమ్మగారు ఏం తింటారు’ అని హిందీలో వాకబు చేశాడు. గుడ్డు, వెల్లుల్లి కూడా లేకుండా అని చెప్పాం. ఆ పై రాత్రి నుంచి పప్పు, జీరా రైస్, ఆలూ గోబీ, రెండు రొట్టెలు ఆమె ముందుకి వాటంతటవే వచ్చేవి. పైసా కట్టలేదు. ‘పోపులో ఇంగువ వేసుంటే ఇంకా బాగుండేది’ అని ఒక వంక పెట్టింది, అది ఆమె మా ఇంట్లోనూ పెడుతుంది. పెద్ద కంపెనీల షిప్పుల్లో మన దేశపు వంటవాళ్లు, వెయిటర్లు చాలామంది ఉంటారు. ఒకరోజు ముందు చెబితే సాధారణంగా చేసిపెడతారు. మొదటి రాత్రే చెప్పండి, ఎందుకంటే మీది నాలుగు రాత్రులే.

అమ్మగారి విషయంలో ఇంకో జాగ్రత్త. పాశ్చాత్య మెనూలో వెజిటేరియన్ గుర్తు ఉన్నా అందులో గుడ్డు ఉండొచ్చు. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ సంప్రదాయంగా బీఫ్ ఉడికించిన నీళ్లతో చేస్తారు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చిన్న చేపలు నూరి కలుపుతారు. జపనీస్ మీసో సూప్‌లో ఎండుచేప సారం, థాయ్ కూరల్లో చేప సాస్, పన్నాకోటా అనే తీపిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. అసలైన పార్మెజాన్ చీజ్ తయారీకి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. ఈ సంగతులు మా బావమరిది చెప్పే దాకా నాకూ తెలియవు. చిత్రమేమిటంటే ఇవన్నీ డబ్బు కట్టే రెస్టారెంట్లలోనూ తగులుతాయి. బఫేలో ఇండియన్ కౌంటర్ దగ్గర ఈ తంటా తక్కువ.

టెప్పన్‌యాకి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఏజెంట్లు ఎక్కువగా అంటగట్టేది అదే. పెద్ద ఇనుప పెనం చుట్టూ మనల్ని కూర్చోబెట్టి, వంటవాడు గరిటెలు గాల్లోకి ఎగరేస్తూ, మంట లేపుతూ వండుతాడు. మీ పాపకు తప్పకుండా నచ్చుతుంది. కానీ బీఫ్, రొయ్యలు, గుడ్డు, కూరగాయలు అన్నీ ఆ ఒక్క పెనం మీదే. అమ్మగారు నీచు తగిలింది తినరు కదా, ఎదురుగా చూస్తూ అసలు తినలేరు. అక్కడికి మీరూ, పాపా వెళ్లండి, మధ్యాహ్నం తెరిచి ఉంటే ఇంకా మంచిది. రాత్రి ధర కన్నా మధ్యాహ్నం ధర చాలాచోట్ల బాగా తక్కువ, వంటవాడి విన్యాసాలు మాత్రం అవే.

రొయ్యల మాటొచ్చింది కాబట్టి ఒక చిన్న ముక్క. సీఫుడ్ రెస్టారెంట్‌లో ‘ష్రింప్ కాక్‌టెయిల్’ అని చల్లటి రొయ్యలు గ్లాసు అంచుకి వేలాడదీసి, టొమాటో సాస్‌తో ఇస్తారు. మన తీరం నుంచి అమెరికాకు కంటెయినర్లలో వెళ్లే వనామీ రొయ్యే అదీ కావచ్చు. కళింగపట్నంలో పడవ ఒడ్డుకొచ్చాక కొని వండుకున్న నోటికి దానికి డాలర్లు కట్టడం కష్టం. పెద్ద రొయ్యలా ఉండే లాబ్‌స్టర్ తినాలనుంటే, వారం రోజుల క్రూజుల్లో అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్ రోజున మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే ఉచితంగా పెట్టే షిప్పులు ఉన్నాయి. నాలుగు రాత్రుల వాటిలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మీ ఏజెంటు దీన్ని ‘లగ్జరీ క్రూజ్’ అని రాశాడన్నారు. మన దగ్గర పెద్ద షిప్పు కనబడితే చాలు, లగ్జరీ అని రాసేస్తారు. నిజంగా ఆ వర్గానికి చెందిన షిప్పుల్లో మీ ప్రశ్నే రాదు. రీజెంట్, ఓషియానియా, వైకింగ్ కంపెనీల్లో ప్రత్యేక రెస్టారెంట్లకు విడిగా కట్టనక్కర్లేదు, అది టికెట్ ధరలోనే కలిపి ఉంటుంది. ఆ టికెట్ కూడా మామూలు షిప్పు టికెట్‌కి ఎన్నో రెట్లు. వాటిలో మినహాయింపులు లేకపోలేదు, సిల్వర్‌సీ షిప్పుల్లో ‘లా డామ్’ అనే ఫ్రెంచ్ రెస్టారెంటుకు విడిగానే కట్టాలి. ఈ అలవాటు కొత్తదేం కాదు. 1912లో మునిగిన టైటానిక్‌లోనే, మొదటి తరగతి టికెట్‌లో భోజనం కలిసి ఉన్నా, విడిగా డబ్బు పెట్టి తినే ‘ఆ లా కార్ట్’ రెస్టారెంటు ఒకటి ఉండేది. కోటీశ్వరులు అక్కడికే వెళ్లేవారు. తిండి కోసమా, మిగతావాళ్ల కంటే వేరుగా కూర్చోవడం కోసమా అంటే నా ఓటు రెండోదానికే.

ఆ వేరుగా కూర్చోవడానికి ఇప్పటికీ విలువ ఉంది, అది కాదనను. బఫేలో మధ్యాహ్నం పన్నెండున్నరకి మన పెళ్లి భోజనాల రెండో బంతి లెక్క ఉంటుంది, కుర్చీ వెనకాల నిలబడి కాపు కాయాలి. డబ్బు కట్టే చోట చప్పుడు ఉండదు, టేబుల్ కిటికీ పక్కన దొరకొచ్చు, వెయిటర్ తొందరపెట్టడు, రెండు గంటలు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. షష్టిపూర్తి రోజున అమ్మానాన్నలిద్దరినే అలా పంపించాలనుంటే పంపండి. అలాంటప్పుడు స్టేక్‌హౌస్ కాదు, ఇటాలియన్ చూడండి. చీజ్ సంగతి అమ్మగారికి పట్టింపు లేకపోతే, టొమాటో పాస్తా, కాల్చిన కూరగాయలు, నాన్నగారికి చేప, ఇద్దరికీ కుదురుతుంది. ఎండబెట్టిన పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉండదు, అప్పటికప్పుడు చేసిన దాంట్లో ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ఈ ఒక్క మాట రాసి పెట్టండి. కేకు కోసమైతే అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు. మెయిన్ డైనింగ్ రూమ్‌లో ముందు రోజు చెబితే చాలా షిప్పుల్లో చిన్న కేకు ఉచితంగానే తెచ్చి, వెయిటర్లంతా చుట్టూ చేరి పాట పాడతారు. దాంట్లో గుడ్డు ఉంటుంది, కాబట్టి అమ్మగారి పేరు మీద పండ్ల ప్లేటు చెప్పండి.

వారం, పది రాత్రుల ప్రయాణమైతే నేను వేరేలా చెప్పేవాణ్ని. అయిదో రోజుకి మెయిన్ డైనింగ్ మెనూ మొహం మొత్తుతుంది, అప్పుడు ఒకటి రెండు పూటలు మార్పు బాగుంటుంది. బీఫ్ తినే స్నేహితులైతే స్టేక్‌హౌస్‌కి కళ్లు మూసుకుని కట్టమంటాను. నాలుగు రాత్రుల్లో మూడు రాత్రుల ప్యాకేజీ కొంటే, టికెట్‌లో కట్టేసిన భోజనాన్ని మీరే వదులుకున్నట్టు.

బుక్ చేసిన పూటకి వెళ్లకపోయినా, ఆఖరి నిమిషంలో రద్దు చేసినా చార్జీ వేసే కంపెనీలు ఉన్నాయి. ఆ గడువు ఎన్ని గంటల ముందో చూసుకోండి. రేవులో దిగి ఊరు చూసే షోర్ టూర్ నుంచి అలిసిపోయి వచ్చే రోజున మాత్రం పెట్టుకోకండి, పెద్దవాళ్లు ఆ రాత్రి పెరుగన్నం తప్ప ఏమీ అడగరు. పెరుగు, అన్నం బఫేలో సాధారణంగా దొరుకుతాయి. రైస్ కుక్కర్, కెటిల్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, చాలా కంపెనీలు గదిలోకి రానివ్వవు, స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ఊరగాయ కూడా ఇంట్లో పెట్టింది కాకుండా సీలు తీయని కంపెనీ ప్యాకెట్టే పట్టుకెళ్లండి.

మీరు షిప్పు పేరు రాయలేదు. గెంటింగ్ డ్రీమ్ అనే షిప్పు అయితే అమ్మగారికి ఇంకా సులువు, అక్కడ శాకాహారం, జైన భోజనం అడిగేవాళ్లు ఎక్కువే. మెరీనా బే నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ అయితే పైన చెప్పినట్టు హెడ్ వెయిటర్‌ని పట్టుకోవాలి. పేరు చెబితే, ఆ షిప్పులో ఇటాలియన్ రెస్టారెంటు మధ్యాహ్నం తెరుస్తారో లేదో మా బావమరిదిని కనుక్కోమని అడుగుతాను.