ఐస్ కింద మొదటి ఊపిరి

చిట్టీ,

గడ్డకట్టిన సరస్సులో డైవ్ చేయబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "నువ్వైనా ఆపరా" అంది. ఆపను. ఆపితే ఆగే రకానివి కాదు, పైగా లోలోపల నాకు గర్వంగానే ఉంది. కానీ నీ డైవులన్నీ వెచ్చటి సముద్రంలోవి. అక్కడ పట్టుబడిన మంచి అలవాటే ఇక్కడ ముంచుతుంది. ఈ ఉత్తరం అందుకే.

తేలికవి ముందు చెప్పేస్తా. ఐస్ పారదర్శకంగా, నల్లగా ఉంటే 10 సెంటీమీటర్లు ఒక మనిషిని మోస్తుంది. సామానుతో నలుగురు నిలబడాలంటే 15 అయినా ఉండాలి. పాలరంగులో ఉన్నదాని బలం సగమే. వాగు వచ్చి కలిసేచోటికి అసలు పోవద్దు. రంధ్రం త్రిభుజంగా, ఒక్కో పక్క 2 మీటర్లు కోయండి. మూడు కోతలతో పని అయిపోతుంది, మూలలో రెండంచుల మీదా చేతులానించి పైకి లేవచ్చు. ఐస్ మీది మంచును రంధ్రం నుంచి నలువైపులా చక్రం ఆకుల్లా గీతలుగా ఎత్తిపోస్తే, కింద నుంచి అవి వెలుగు దారుల్లా కనిపిస్తాయి.

ఇక అసలు సంగతి. నీళ్లలో దిగేముందు సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని రెండు ఊపిర్లు పీల్చి, వదిలి, గాలిని బలంగా వదిలే పర్జ్ బటన్ ఒకసారి నొక్కి చూస్తావు కదా? రంధ్రం అంచున ఆ పని చేశావో, డైవ్ అక్కడే పాడైనట్టు. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడిలో ఉన్న గాలి, సిలిండర్‌కు బిగించే భాగమైన ఫస్ట్ స్టేజ్‌లో ఒక్కసారిగా 10 బార్ దరిదాపులకు దిగుతుంది. అలా వ్యాకోచించేటప్పుడు సున్నాకి చాలా కిందికి చల్లబడుతుంది. నువ్వు వదిలిన ఊపిరిలోని తేమ సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం) లోపలి మీట మీద చెమ్మగా పట్టి, బయటి చలికి అక్కడే గడ్డకడుతుంది. వాల్వ్ ఇక మూసుకోదు. విచిత్రమేమిటంటే పైన అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కిందికెళ్లాక 'బుస్'మని గాలి ఆగకుండా తన్నుకొస్తుంది. 12 లీటర్ల సిలిండర్ కొద్ది నిమిషాల్లో ఖాళీ. ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదు, మంచినీరు కడుతుంది. సరస్సుతో పేచీ అక్కడే.

కాబట్టి రెగ్యులేటర్‌ను ముందురోజు గదిలో పరీక్షించు. బయటికి మూతున్న పెట్టెలో, పొడిగా, వెచ్చగా తీసుకెళ్లు. సెకండ్ స్టేజ్ నీళ్లలో మునిగాకే మొదటి ఊపిరి. గాలిలో దాన్లోకి ఊపిరి వదలొద్దు, పర్జ్ జోలికి పోవద్దు. నీళ్లు చొరని డ్రై సూట్‌లోకి గాలి చిన్న చిన్న నొక్కులతోనే పంపు, అదీ ఊపిరి పీల్చేటప్పుడు కాదు. ఫస్ట్ స్టేజ్‌లు రెండుండాలి, చల్లనీళ్లకు తయారైనవి, సిలిండర్ మీద దేని వాల్వ్ దానికి. బీసీడీ (గాలి నింపి తేలే జాకెట్) గొట్టం ఒకదానికి, డ్రై సూట్ గొట్టం రెండోదానికి తగిలించు. ఒకటి మూసినా తేలే సాధనం ఒకటి మిగులుతుంది. గాలి తన్నుకొస్తే దాని వాల్వ్ మూసి, రెండోదానికి మారి, జతగాడితో వెనక్కి రా. ఆగిపోయింది కదా అని ఇంకో అయిదు నిమిషాలు తిరిగొద్దామనుకున్నావంటే నా చేతిలో దెబ్బలే.

నిన్ను పైవాళ్లతో కలిపే తాడు గురించి నా చాదస్తం కాస్త భరించు. ఆ తాడు తగిలించే పట్టీలు, అదే హార్నెస్, డ్రై సూట్ మీద, బీసీడీ కింద ఉండాలి. బీసీడీ విప్పాల్సి వచ్చినా తాడు నీతోనే ఉంటుంది. తాళం పడే కారబినర్ కొక్కెమే వాడు. పైనుంచి ఒక లాగు 'బాగున్నావా', నీనుంచి బదులుగా ఒకటి 'బాగున్నా', రెండు 'తాడు ఇంకా వదులు', మూడు 'వస్తున్నా', నాలుగు దాటితే 'లాగేయ్'. ఒక్కో జట్టుది ఒక్కో లెక్క, అందుకని ఏదైనా సరే పైనే ఒప్పందం చేసుకోండి. తాడు పట్టినవాడు ఆ తాడు తప్ప ఇంకోటి ముట్టకూడదు. ఫోన్ జేబులోంచి తీసేవాడైతే మనిషిని మార్చు, మొహమాటపడకు. మొదటిసారికి 30 మీటర్ల తాడు చాలు. గాలిలో మూడోవంతు అయ్యేసరికి వెనక్కి తిరగాలి. పైన ఇంకో డైవర్ పూర్తిగా సిద్ధమై కూర్చోవాలి, అతని తాడు నీదానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి.

తాడు ఊడిపోతే వెతుక్కుంటూ ఈదొద్దు తల్లీ. పైకి తేలి, ఐస్ అడుగుకు చేరి, నిలువుగా, కదలకుండా ఉండు. పైన సిద్ధంగా ఉన్న డైవర్ దిగి, తన పొడుగు తాడుతో ఐస్ కిందే గుండ్రంగా తిరుగుతాడు, తాడు వచ్చి నిన్ను తగులుతుంది. ఆ కాసేపూ నువ్వు చేయాల్సిందల్లా నెమ్మదిగా ఊపిరి తీయడమే.

బయటికొచ్చాక డ్రై సూట్ జిప్ గడ్డకట్టి కదలదు. లాగి తెంపకు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లుంచుకుని పోసుకో. చేతులు వెచ్చబడ్డాక ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్. నాకు రాత్రికి చేసినా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

మామయ్య