వంశధార ఒడ్డు సవర గూడేల చరిత్ర

ప్రశ్న: మా వైపు వంశధారకు దగ్గరలోని కొండల్లో సవర గిరిజనుల గూడేలు చాలా ఉన్నాయి. వాటి చరిత్రకు పెద్దలు చెప్పుకొనే మాటలు తప్ప వేరే ఆధారాలున్నాయా?
– ఒక పాఠకురాలు, కొత్తూరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉన్నాయి. శాసనాలు రాజుల దానాలను చెప్పినంతగా అడవి నరికి పోడు వ్యవసాయం చేసుకొని బతికిన వారి గురించి చెప్పవు గాని, వంశధార ఒడ్డునే ఉన్న శ్రీముఖలింగం శివాలయ స్థలపురాణం ఇప్పచెట్టులో వెలసిన శివుణ్ణి సవరలతో ముడిపెడుతుంది. అది కథే అయినా, ఈ నది ఒడ్డున సవరల ప్రాచీనతను ఆలయ సంప్రదాయం సైతం అంగీకరించినట్టు నేను భావిస్తాను.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం భాష. సవర భాష తెలుగులా ద్రావిడ భాష కాదు, సంతాలీ వలె ముండా కుటుంబానికి చెందినది. వంశధార తీరంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల నోటి నుంచే ఆ భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి ఎంతో శ్రమించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. గూడేల జీవితాన్ని తెలుసుకోగోరేవారు మొదట చూడవలసినవి ఇవే.

తరువాతి చరిత్ర ప్రధానంగా భూమి చరిత్ర. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడుపై ఆంక్షలు బిగిశాయి. షావుకార్ల అప్పుల కింద పొలాలు చేజారాయి. ఆ వేదనే శ్రీకాకుళ గిరిజనోద్యమానికి మూలం. 1967 అక్టోబరు 31న లేవిడి గ్రామం వద్ద ఆ ఉద్యమానికి చెందిన గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల మనుషుల కాల్పుల్లో మరణించారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించే 1/70 నిబంధన 1970లో వచ్చింది.

పెద్దల మాటలను కూడా తేలికగా తీసుకోకండి. కొండల, గెడ్డల (కొండవాగుల) సవర పేర్లను వారి చేతనే పలికించి, ఇప్పుడే రాసిపెట్టండి.