అండమాన్ స్కూబా: అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క లెక్క

ప్రశ్న: మాది విశాఖలో మధురవాడ. జనవరిలో నలుగురం అండమాన్ వెళ్తున్నాం. టికెట్లు, హోటళ్లు బుక్ అయిపోయాయి. స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి దిగడం), ఎలిఫెంట్ బీచ్, జాలీ బాయ్ దీవి మూడూ కలిపి మనిషికి 11,000 చొప్పున 44,000 ప్యాకేజీ అంటున్నాడు ఏజెంటు. సగం ఇప్పుడే కట్టాలట, ట్రిప్పు రద్దయినా తిరిగి ఇవ్వరట. డబ్బు లేకపోతే కార్డు మీద ఈఎంఐ పెట్టుకోమంటున్నాడు. విడిగా కనుక్కుంటే స్కూబా 4,500, ఎలిఫెంట్ బీచ్ బోటు 1,200, జాలీ బాయ్ 1,500 అన్నారు. అబ్బాయికి 8 ఏళ్లు, అమ్మాయికి 13. మావారికి ఆస్తమా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 22,000 కట్టకండమ్మా. మీరు రాసిన ధరలతోనే లెక్క వేద్దాం. నలుగురూ మూడూ చేసినా 28,800 దాటదు. పైగా మీ నలుగురిలో అందరూ స్కూబా చేయలేరు. ప్యాడీ వంటి శిక్షణ సంస్థల నిబంధన ప్రకారం సముద్రంలో డైవ్‌కు కనీసం 10 ఏళ్లు ఉండాలి. కాబట్టి బాబు పేరు మీద స్కూబా డబ్బు తీసుకోవడమే తప్పు. ఆస్తమా ఉన్నవారు డాక్టరు ఒప్పుకుంటేనే దిగాలి. మీవారు ఇప్పుడే చూపించుకోవాలి, అక్కడికి వెళ్లాక ఫారం నింపుతూ ఆలోచించే విషయం కాదది. ప్రస్తుతానికి ఆయన్ని పక్కన పెడితే, మీరు, అమ్మాయి స్కూబాకి 9,000, నలుగురికీ ఎలిఫెంట్ బీచ్, జాలీ బాయ్ స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీదే తేలుతూ కిందికి చూడడం) ట్రిప్పులు రెండూ కలిపి 10,800. మొత్తం 19,800. ఈ ధరల్లో మాస్కు అద్దె, ఫోటోలు, జాలీ బాయ్‌కి అటవీ శాఖ పర్మిట్ కలిసి ఉన్నాయో లేదో మాత్రం అడగండి.

అసలు డబ్బు పోయేది ధరలో కాదు, రోజుల వరసలో. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే బోట్లు ఆపేస్తారు. హ్యావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, దిగిన మర్నాడే స్కూబా పెట్టుకోండి. ఆ రోజు కుదరకపోతే ఇంకో రోజు చేతిలో ఉంటుంది. చివరి రోజుకి వదిలేస్తే రెండు విధాల నష్టం. బోటు ఆగితే ఇంకో రోజు ఉండదు, పైగా డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలంటారు. నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేస్తాను.

ఇంకో మాట. నేను మొదటిసారి స్కూబాకి దిగింది మన రుషికొండలోనే. రెండు మీటర్లు వెళ్లగానే చెవిలో పోటు. ముక్కు మూసి గాలి ఊదమని ముందే నేర్పారు, కంగారులో అదే మర్చిపోయాను. చెయ్యి పైకి ఊపేశాను, ఆట ముగిసింది. దిగాక డబ్బు వాపస్ ఉండదు కదా! అండమాన్ అంత తేట నీళ్లు ఇక్కడ ఉండవు, నిజమే. కానీ భయం ఎంతుందో తెలుసుకోవడానికి మధురవాడ నుంచి రుషికొండ ఎంత దూరం? మీరు గానీ అమ్మాయి గానీ అక్కడే వద్దనుకుంటే హ్యావ్‌లాక్‌లో ఒక 4,500 మిగులుతాయి. ఈత రాకపోయినా ఫర్వాలేదు, ట్రయల్ డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే ఉంటారు.

ఈఎంఐ మాట మర్చిపోండి. నీళ్లలో అరగంటకి ఆరు నెలల వాయిదాలా? జనవరికి ఇంకా ఐదు నెలలుంది. నెలకి 6,000 పక్కన పెడితే 30,000 చేతికొస్తాయి. 19,800 పోను మిగిలింది బోటు రద్దయి ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సి వస్తే గది అద్దెకి పనికొస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే అడ్వెంచర్ స్పోర్ట్స్ మినహాయింపుల్లో ఉందేమో చదవండి. చాలా పాలసీల్లో స్కూబాకి విడిగా కవర్ తీసుకోవాలి.

మీవారికి గుబురు మీసం ఉంటే, స్నార్కెలింగ్ మాస్కు ముక్కు కింద సరిగ్గా అతుక్కోదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. నాకు ఎలిఫెంట్ బీచ్‌లో అదే జరిగింది. కొంచెం వాజలైన్ రాస్తే సరిపోతుంది, లేదంటే బయల్దేరే ముందు రోజు కత్తిరించుకోమనండి.