భార్యకు సెకండ్ ఒపీనియన్ కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుడిని, జీతం 48 వేలు. నా భార్యకు రెండేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. ఇటీవల పెట్ స్కాన్‌లో వెన్నెముకలో మచ్చ కనిపించిందని, వ్యాధి ఎముకకు పాకి ఉండవచ్చని డాక్టరు అన్నారు. మరో నిపుణుడికి చూపించాలనుకుంటున్నాం. చేతిలో 35 వేలే ఉన్నాయి. మడికొండలో ప్లాటు, నెలకు 10 వేల చిట్టీ, కళాశాల తరఫున 3 లక్షల గ్రూపు బీమా ఉన్నాయి. తెలిసినవారు నూటికి మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తామంటున్నారు. తీసుకోవాలా, రాజీనామా చేసి పీఎఫ్ తీయాలా?

జవాబు: ఆ అప్పు తీసుకోకండి. ఐదు లక్షలకు నెలకు 15 వేలు, ఏడాదికి లక్షా 80 వేలు వడ్డీకే పోతాయి; చిట్టీ కూడా కట్టాక మీ ఇంటికి మిగిలేది 23 వేలు, అసలు మాత్రం ఒక్క రూపాయీ తగ్గదు. ఎంత సొమ్మో రాయని ప్రామిసరీ నోటుపై సంతకం పెట్టి, చివరికి ప్లాటే రాసివ్వాల్సి వచ్చిన కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

పైగా చికిత్స ఏమిటో ఇంకా తేలలేదు. పెట్ స్కాన్‌లో వెలిగిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. క్షయ, ఇతర ఇన్ఫెక్షన్లు, పాత ఎముక గాయం, అరుగుదల వల్ల కూడా అలా కనిపించవచ్చు. అందుకే వీలైన చోట ఆ మచ్చ నుంచే ముక్క తీసి పరీక్షిస్తారు. వ్యాధి పాకిందనే తేలినా, క్యాన్సర్ కణాలు హార్మోన్లకు స్పందిస్తాయా (ఈఆర్, పీఆర్), వాటిపై హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసే పరీక్షల ఫలితాలు మొదటి గడ్డలో ఉన్నట్టే ఉండకపోవచ్చు; మందులూ, వాటి ఖర్చూ ఆ ఫలితాలను బట్టే నిర్ణయమవుతాయి. ఇప్పుడు మీకు కావలసింది ఈ నిర్ధారణకు సరిపడా డబ్బు, అది వేలల్లో తేలే ఖర్చు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి గడ్డ ముక్కల స్లైడ్లు, ఆ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు, వాటిని పరీక్షించిన పాథాలజీ రిపోర్టు, స్కాన్ సీడీ తీసుకోండి. రికార్డుల నకళ్లు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యవృత్తి నిబంధనలే చెబుతున్నాయి. సీడీ లేకుండా వెళితే స్కాన్ మళ్లీ తీయమంటారు, అక్కడే డబ్బు వృథా అవుతుంది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. ముంబై టాటా మెమోరియల్‌కే వెళ్లదలిస్తే, రైల్వే రాయితీ కింద రోగికి స్లీపర్, త్రీ ఏసీల్లో పూర్తి మినహాయింపు, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు దొరుకుతాయి.

రాజీనామా ఆలోచన అప్పు కంటే ప్రమాదకరం. ఉద్యోగం వదిలిన రోజే గ్రూపు బీమా పోతుంది, ఈ స్థితిలో మీ భార్యకు కొత్త పాలసీ దొరకడం దాదాపు అసాధ్యం. వైద్యానికి పీఎఫ్ అడ్వాన్సు ఉద్యోగంలో ఉండగానే తీసుకోవచ్చు. అదీ చాలకపోతే బ్యాంకులో బంగారం తాకట్టు, ఆ తర్వాతే చిట్టీ పాట. ఆహార భద్రతా కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో అడగండి, 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి కుటుంబానికి 10 లక్షలు.

మీ ప్రశ్నను ఎంచుకోవడానికి అసలు కారణం ఆ 35 వేలు. రెండేళ్ల క్రితమే క్యాన్సర్ వచ్చిన ఇంట్లో అత్యవసర నిధి ఒక నెల జీతానికి కూడా సరిపోకుండా ఉండటం, సంపాదనంతా ప్లాటులో, చిట్టీలో బిగుసుకుపోవడం నన్ను బాధిస్తోంది, ఎందుకంటే ఇది చాలా ఇళ్లలో చూస్తున్న పొరపాటే. ఇల్లాలికి నొప్పి మొదలైన రాత్రి ప్లాటును ఎవరూ కొనరు. మూడు నెలలకోసారి పరీక్షలు, ప్రయాణాలు, జీతం లేని సెలవులు ఉండే ఇంటికి కనీసం ఏడాది ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి. ఆ ప్లాటును ఇప్పుడే, తొందర లేనప్పుడే, అమ్మకానికి పెట్టండి. వచ్చిన డబ్బును మళ్లీ భూమిలో పెట్టకుండా స్వల్పకాలిక డిపాజిట్లలో ఉంచండి. ప్రస్తుత చిట్టీ ముగిశాక కొత్తది వేయకండి.

మీకూ, పిల్లలకూ కళాశాలతో సంబంధం లేని వేరే ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, దరఖాస్తులో ఏదీ దాచకండి. సెకండ్ ఒపీనియన్ ఫీజు, పరీక్షల బిల్లులన్నీ భద్రపరచండి. ఆ తర్వాత ఆమె ఇదే వ్యాధికి ఆసుపత్రిలో చేరితే, ఆసుపత్రిలో చేరడానికి ముందు అయిన ఖర్చులకు కళాశాల గ్రూపు పాలసీలో నిబంధన ఉన్నంత మేరకు అవి క్లెయిములో వస్తాయి.