మొదటి రైఫిల్ కొనే ముందు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కుని స్థిరపడిన మన కుర్రవాళ్ళు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: 600 డాలర్లకు మించకుండా మొదటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏది తీసుకోవాలి? నేను వారిని ముందుగా అడిగేది మాత్రం ఏ వీసా మీద ఉన్నారని. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవారు తుపాకీ గాని, ఒక్క తూటా గాని దగ్గర ఉంచుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా అదే వర్తిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే టెక్సస్‌లో ఆ లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో తీరిపోతుంది కనుక, కొత్తది తీసుకోవడం మరచిపోయిన మర్నాటి నుంచి అల్మరాలో ఉన్న రైఫిలే మీ మీద సాక్ష్యమవుతుంది. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగమని నా సలహా.

గ్రీన్‌కార్డున్న బావమరిది చేత కొనిపించి మన ఇంట్లో పెట్టుకుందామన్న ఆలోచన అంతకంటె చెడ్డది. దుకాణంలో నింపవలసిన 4473 నంబరు ఫారం, అసలు కొంటున్నది మీరేనా అని సూటిగా అడుగుతుంది. అక్కడ అబద్ధం రాసి సంతకం పెడితే మీతోపాటు ఆయనా ఇరుక్కుంటాడు. తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్షపడితే గ్రీన్‌కార్డున్నవారిని సైతం దేశం నుంచి పంపివేసే అధికారం ఇక్కడి చట్టానికి ఉంది.

ఇక రైఫిల్ సంగతి. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా మాత్రమే పేలి, తరువాతి తూటా తనంతట తానే లోపలికి ఎక్కేది. మనవాళ్ళలో చాలామంది దృష్టి నేరుగా ఏఆర్-15 మీదికి పోతుంది. ఆ ఏఆర్ అన్నది ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోనిదే తప్ప ఆటోమేటిక్ రైఫిల్ అన్న అర్థంలో కాదు. అది చెడ్డ ఎంపికని నేను అనను గాని, చవకరకం 500 డాలర్లకు దొరికినా అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది. అందులో వాడే .223 తూటాలు వంద కాల్చాలంటే 50 డాలర్ల చుట్టూ అవుతుంది; .22 లాంగ్ రైఫిల్ అనే చిన్నరకం తూటాలైతే 10 డాలర్లతో పని జరుగుతుంది. గురి కుదిరేది వేల తూటాలు కాల్చిన మీదట కాబట్టి, ఈ తేడా ముందు రైఫిల్ ధరలో మిగిలే వంద డాలర్లు ఏ మూలకూ రావు.

అందుకే నేను చెప్పేది ఆ .22 తూటాలు కాల్చే రుగర్ 10/22. 1964 నుంచి తయారవుతున్న ఈ రైఫిల్ సుమారు 300 నుంచి 400 డాలర్లలో వస్తుంది, చేతికి తేలికగా ఉంటుంది, భుజాన్ని తన్నదు, పది తూటాలు పట్టే మ్యాగజీన్‌తో, అంటే తూటాలు నింపే డబ్బాతో వస్తుంది. ఆ పది అన్న అంకె చిన్న విషయం కాదు. ప్రాజెక్టు మారి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళవలసి వస్తే, ఆ రాష్ట్రంలో 2018 నుంచి మ్యాగజీన్ పరిమితి పదే. తాకట్టు దుకాణాల్లో చవకగా కనిపించే పాత మార్లిన్ 60 కూడా మంచి తుపాకీయే, దాని గొట్టపు మ్యాగజీన్‌లో 17 తూటాలు పడతాయి. టెక్సస్‌లో అడిగేవారుండరు; న్యూజెర్సీ చట్టం కూడా తుపాకీకే అమరి ఉండే గొట్టపు మ్యాగజీన్ ఉన్న .22 రైఫిళ్ళను ఆ పరిమితి నుంచి మినహాయించింది. ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023లో ఏఆర్ తరహా రైఫిళ్ళ అమ్మకాన్నే నిషేధించాయి. సామాను ట్రక్కు ఎక్కించకముందే వెళ్ళబోయే రాష్ట్రం చట్టం చదువుకోవాలి.

మిగిలిన డబ్బులో స్కోపుకు, అంటే గురి చూసే దుర్భిణికి, ఒక్క డాలరు కూడా పెట్టకండి. గురి చూసుకోవడానికి రైఫిల్‌తో వచ్చే ఇనుప సైట్లతోనే ఆరు నెలలు గడపవచ్చు. చెవులకు మఫ్‌లు, కళ్ళకు అద్దాలు, తాళం పడే ఉక్కు అల్మరా మాత్రం రైఫిల్‌తో పాటే కొనాలి. తూటాలు నింపిన తుపాకీ పదిహేడేళ్ళ లోపు పిల్లలకు అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. పైగా అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చినప్పుడు ఇల్లంతా సర్దడం వారికి అలవాటు కనుక, బీరువా మీద దాచాననే ధీమా పనికిరాదు.

రేంజ్‌కు మెడ మూసుకునే చొక్కా వేసుకుని వెళ్ళండి. నా మొదటి రోజున పక్క వరుసలోంచి ఎగిరిపడిన, పేలిన తూటా తాలూకు వేడి ఇత్తడి గుల్ల ఒకటి నా కాలర్‌లో దూరింది. చురుక్కుమనేసరికి రైఫిల్ చేతిలో ఉందన్న స్పృహ లేకుండా గిర్రున పక్కకు తిరగబోయాను. వెనక నిలబడిన పర్యవేక్షకుడు నా భుజం పట్టి ఆపి, గొట్టాన్ని మళ్ళీ గురి వైపు తిప్పాడు. ఒక్క మాట అనలేదు గాని, ఆయన చేతి బిగువు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు వేలు ట్రిగ్గర్ మీద లేకపోవడం నా అదృష్టమే తప్ప జాగ్రత్త కాదు.

రేంజ్‌కు ఒక సంచి విడిగా పెట్టుకుని దానిని మరి దేనికీ వాడకండి. ఒకసారి హైదరాబాదు ప్రయాణానికి సామాను సర్దుతూ మా ఆవిడ నా వీపుసంచిని దులిపితే, కుట్టు మడతలోంచి చిటికెనవేలి గోరంత వెడల్పున్న ఇత్తడి ముక్క నేల మీద పడి దొర్లింది. "ఈ మేకు ఎక్కడిదండీ?" అని అడిగింది. అది పేలని .22 తూటా. భారతదేశపు ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా ఒక్కటి ఉన్నా కేసే; శంషాబాద్‌లో స్కానర్ కింద అదే బయటపడి ఉంటే, మూడు వారాల సెలవు కోర్టు వాయిదాలకే సరిపోయేది.