సిమ్యులేషనా, డేటా సైన్సా: లోను సంతకానికి ముందు

ప్రశ్న: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మావాడు మెకానికల్ మూడో ఏడు. సిమ్యులేషన్ మోడలింగ్ నేర్చుకుని, కంపెనీలు నిర్ణయాలు తీసుకోవడంలో సాయపడే పని చేస్తానంటున్నాడు. నేనేమో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని కరపత్రం వేసిన 3 లక్షల డేటా సైన్స్ కోర్సుకు లోను మాట్లాడాను, కిస్తీ నెలకు 8 వేలు. దేనికి భవిష్యత్తు ఉంది?

జవాబు: ఈ ప్రశ్న ఒకప్పుడు శాప్ అనే కంపెనీల సాఫ్ట్‌వేర్ పేరుతో వచ్చేది, తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పేరుతో వచ్చింది. పేరు మారుతుంది గానీ టెన్షన్ అదే, పక్కింటి కుర్రాడు ముందుకెళ్లిపోతాడేమోనని. కిస్తీ ఎంతో రాశారు. వాడికి ఇదెందుకు నచ్చిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

వాడు చెప్పేది ఇది. ఒక కౌంటరులో గుమాస్తా గంటకు 15 మంది పని చూడగలడు. వచ్చేది గంటకు 12 మంది. సగటు చూస్తే బోలెడు ఖాళీ. కానీ జనం గడియారం చూసుకుని రారు, అందరి పనీ ఒకేసేపట్లో తెమలదు. రెండూ పూర్తిగా అడ్డదిడ్డంగా ఉంటే వరసలో ఎదురుచూపు లెక్కగట్టే క్యూయింగ్ సూత్రం ప్రకారం ఒక్కొక్కరు సగటున 16 నిమిషాలు నిలబడాలి. గంటకు 13 మంది వస్తే 26 నిమిషాలు. 14 మంది అయితే 56! రెండో కౌంటరు తెరవాలా వద్దా అని మేనేజరు తల పట్టుకునేది ఇక్కడే. ఒక్క కౌంటరుకైతే సూత్రం చాలు. శ్రీపెరంబుదూరు కార్ల ప్లాంటులో మెషీన్ల రిపేర్లు, లారీల ఆలస్యాలు, షిఫ్టు మార్పులు కలిస్తే సూత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు ప్లాంటునే కంప్యూటర్లో నడిపి చూస్తారు. సిమ్యులేషన్ అంటే అదే.

డేటా సైన్స్ మీద నాకు పగ లేదు. స్టాటిస్టిక్స్ రెండిటికీ పునాదే. నా అనుమానమంతా ఆర్నెల్ల సర్టిఫికెట్ దుకాణాల మీద. నా దగ్గరికొచ్చే రెజ్యూమెల్లో టైటానిక్ ఓడలో ఎవరు బతికారో ఊహించే అదే ప్రాక్టీసు ప్రాజెక్టు, లేదంటే అవే ఇళ్ల ధరల అంచనాలు. ఓడలో ఎవరు బతికారో గడగడా చెప్పే పిల్లలు, సగటుకూ మీడియన్‌కూ తేడా అడిగితే నీళ్లు నములుతారు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ లాంటివి వేరు, అక్కడ లెక్కలు తప్పించుకోవడం కుదరదు. మీరు చూసింది అలాంటిది కాదని ఆ ప్లేస్‌మెంట్ గ్యారంటీ కరపత్రమే చెబుతోంది.

మీవాడి దారీ పూలబాట కాదు. జాబ్ సైట్‌లో 'సిమ్యులేషన్ ఇంజనీర్' అని కొడితే ఎక్కువగా వచ్చేవి విడిభాగాల మీద ఒత్తిడి, వేడి లెక్కగట్టే ఉద్యోగాలు. ఆ విద్య వేరు. వాడికి కావలసినవి ఆపరేషన్స్ రీసెర్చ్ (లెక్కలతో నిర్ణయాలకు సాయపడే విద్య), సప్లై చైన్ అనలిస్ట్ లాంటి పేర్ల కింద ఉంటాయి. సంఖ్యా తక్కువే. అయినా భయపడకండి, వాడు మెకానికల్ డిగ్రీ వదిలేయడం లేదు కదా. పైథాన్‌లో సిమ్యులేషన్ రాసుకునే సింపై లైబ్రరీ ఉచితం, ఎనీలాజిక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకునేవాళ్ల ఎడిషనూ ఉచితమే. పోయేదేమీ లేదు.

ఆదివారం పొద్దున్నే వాణ్ని మీ వీధి టిఫిన్ హోటల్ పార్సిల్ కౌంటరు దగ్గర గంటసేపు నిలబడమనండి. ఎవరు ఎప్పుడొచ్చారు, ఇడ్లీ పొట్లం ఎప్పుడు చేతికందింది, రాసుకుని మోడల్ కట్టాలి. తర్వాతి ఆదివారం అది చెప్పిన ఆలస్యం, నిజం ఆలస్యం పోల్చాలి. మొదటిసారి సరిపోదు. ఎందుకు సరిపోలేదని తవ్వుతాడా, ఫోన్ పట్టుకుని కూర్చుంటాడా, మీకే తెలుస్తుంది. అంతవరకూ లోను కాగితం బీరువాలోనే ఉండనివ్వండి. వాడు లెక్క చెప్పబోతే మాత్రం టీవీ కాస్త కట్టేయండి.